చేను లేనోడు

“జల్ది రాండ్రి బిడ్డా! రేపే సంత!”

ఐలవ్వ ఠాణా మెట్లెక్కుతూనే అరిచింది. ఆదిలాబాద్ వెళ్లే రోడ్డు మీది చిన్న ఠాణా అది. కానిస్టేబుల్ నవీనకు అక్కడ డ్యూటీ మొదటి రోజు. గభాలున లేచి ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టింది.

“ఏమైందవ్వా? నిమ్మళంగ చెప్పు.”

“మా ఇంట్ల కిరాయికున్నోని మీద నాకు అనుమానమున్నది. అర్రల కాలు వెట్టనియ్యడు. పటాకుల మందు వాసనొస్తది. డబ్బాలు, వైర్లు తెచ్చిండు. గివెందుకు కొడుకా అంటె, అడవిపందులకు బాంబులు చుడుతున్న అన్నడు.”

“పందులకేనేమో అవ్వా. మా ఊళ్లె గూడ చుడుతరు.”

“నేను గూడ గట్లనే అనుకున్న బిడ్డా! మక్కచేన్లు ఆగం చేస్తయని మా దిక్కు అందరు చుడుతరాయె, ఎవ్వలడుగుతరు? కని వానికి చేనే లేదు! గుంట జాగ గూడ లేదు. సంతల జనం ఏ యాళ్లకు నిండుతరని నన్నే అడిగిండు.”

నవీన వేళ్ల మీద లెక్కపెట్టింది. ట్రైనింగ్‌లో చెప్పిన గుర్తులన్నీ ఒక్క మనిషిలోనే!

“మా నర్మద గాజులు కొనుక్కుంటనని సంతకు పోతది. నాకు ఒక్కగానొక్క బిడ్డ. వద్దంటె ఇనదు. మీరన్న ఆపుండ్రి!”

“గిన్నొద్దులు నోరు మూస్కొని ఎందుకూకున్నవవ్వా? ముందే చెప్పద్దా?” భయంతోనే కసిరింది నవీన.

ఐలవ్వ ముఖం పాలిపోయింది. కొంగు నోట్లో కుక్కుకొని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపుకు నవీన గుండె తరుక్కుపోయింది. అయినా ఏడుస్తూ కూర్చునే వేళా ఇది! లోపలికి పరుగెత్తింది. అక్కడ హెడ్ కానిస్టేబుల్ రాంచందర్ తాపీగా గ్లాసులో చాయ్ పోస్తున్నాడు.

“సార్, జీపు తీయుండ్రి! రేపు సంతల బాంబు పెడతరట!”

ఆయన ఐలవ్వ కోసమని ఇంకో చెంచా చక్కెర వేసి కలిపాడు. మనిషా, మానా? నవీనకు ఒళ్లు మండిపోయింది.

“జనం సస్తరు సార్! గామె బిడ్డ సస్తది! మీకు చీమ కుట్టినట్టన్న లేదు!”

రాంచందర్ తలుపు సందులోంచి ఐలవ్వను చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

“తొమ్మిదేండ్ల కింద గా సంతలకెల్లి నర్మద శవాన్ని నేనే ఎత్తుకొచ్చిన నవీనా, గా తెల్లారి నుంచే ఐలవ్వ గీ మాట చెప్పవట్టింది.”