తాళం తెచ్చిన అమీన్

పోలీసు అమీన్ తాళం పట్టుకుని రైస్‌మిల్లు గడప బయటే నిలబడ్డాడు. "ప్లేగు కానూను. ఒక్క ఎలుక చచ్చి పడినా మిల్లు బంద్. దాచిన యజమానికి జైలు."

జానయ్య చేతులు జోడించాడు. "నా మిల్లుల ఒక్కటి గూడ పడలే, సాబ్. మిర్యాలగూడల ఇంటింటికి పడుతున్నయని అమాసకాడికెల్లి నా బిడ్డను గీడనే పండబెడుతున్న. అబద్ధమైతే ఆ పని చేస్తనా?"

వడ్ల బస్తాల మీద పాప నిద్రపోతోంది. అమీన్ అటు చూసి, తాళం సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

"బతికినం, సుక్కమ్మా! పొయ్యి ఎగదోయి," అన్నాడు జానయ్య.

వడ్లు ఉడికించే పొయ్యి దగ్గర కూలి సుక్కమ్మ ఊక చేట వదిలేసింది. వచ్చి అతని కాళ్ల మీద పడింది.

"నీ బాంచెన్, అయ్యా, పాపను బయటికి తీస్కపో. రోజూ నీకంటె ముందుగాలొచ్చి పడ్డ ఎలుకలను పొయ్యిల ఏస్తున్న. మిల్లు మూస్తే మా పోరగాండ్లు ఏం తింటరని... చెప్పనీకి నోరు రాలే."

జానయ్య కూతురిని పేరు పెట్టి అరిచాడు. మిల్లులో కూలీలందరూ తిరిగి చూశారు.

పాప మాత్రం కదల్లేదు.