తప్పు ఇస్త్రీపెట్టెదే

"తప్పు ఈ పెట్టెదేనని చెప్పవయ్యా, నీకు పుణ్యముంటుంది," అంటూ మాస్టారు ఇస్త్రీపెట్టెను మెకానిక్ బల్ల మీద పెట్టారు.

నెల తిరక్కుండా ఇది మూడోసారి. సాక్ష్యానికి కాలిన చొక్కా కూడా తెచ్చారు. వీపు మీద పెట్టె ఆకారం అచ్చుగుద్దినట్టు పడింది.

భార్యకు మతిమరుపు పట్టుకుందేమోనని మాస్టారి బెంగ. పెట్టెను చొక్కా మీదే వదిలేసి మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లిపోతోందట. అడిగితే, అసలు దాన్ని ముట్టుకోనేలేదంటోందట. కూతురేమో డాక్టరు దగ్గరికి పదమని ఒకటే పోరు. తప్పు పెట్టె వేడెక్కగానే కరెంటు ఆపాల్సిన స్విచ్చుదే అయితే ఆ గండం గడిచినట్టే.

మెకానిక్ మరలు విప్పాడు. లోపలి రేకు కనబడగానే మాస్టారు ఎనిమిదో తరగతి పాఠం అందుకున్నారు.

"రెండు లోహాలయ్యా. వేడెక్కితే ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ. అతికించినవి కదా, విడిపోలేవు. అందుకని వంగుతాయి. వంగితే కరెంటు ఆగిపోతుంది."

పాతికేళ్లుగా ఆ రేకులతోనే బతుకుతున్నవాడికి ఇది తాతకు దగ్గులు నేర్పడమే. పైగా మూడోసారి. అయినా మెకానిక్ కొత్తగా విన్నట్టే తలూపాడు.

ప్లగ్గు పెట్టి చూశాడు. పెట్టె వేడెక్కగానే టిక్కుమని దాని మీది దీపం ఆరింది. కాస్త చల్లారగానే మళ్లీ వెలిగింది. స్విచ్చు నిక్షేపంలా ఉంది.

మాస్టారు అతని మొహంలోకే చూస్తున్నారు. నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"స్విచ్చే పోయింది మాస్టారూ. కొత్తది వేస్తాను. అమ్మగారి తప్పేం లేదు."

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిచ్చిది, పొద్దున అనవసరంగా కసిరాను," అంటూ చొక్కా మడిచి సంచిలో పెట్టుకుని గబగబా ఇంటికి బయల్దేరారు.

సాయంత్రం పెట్టె తీసుకెళ్లడానికి ఆయన కూతురు వచ్చింది. అబద్ధమాడిన దగ్గర్నుంచి మెకానిక్ మనసు మనసులో లేదు. రేపు ఇల్లే అంటుకుంటే ఆ పాపం ఎవరిది? ఉన్నమాట ఆమెకు చెప్పేశాడు. స్విచ్చుకు ఏ రోగమూ లేదని, ఇకమీదట అమ్మగారి చేతికి ఇస్త్రీపెట్టె అందనివ్వొద్దని.

ఆమె పెట్టెను తన వైపు లాక్కుంది.

"అమ్మ పోయి మూడేళ్లయిందండీ."