మామగారి నమూనా

"అందరికన్నా ఎక్కువ ప్లాస్టిక్ నా నోట్లోనా?"

మామగారు ఎత్తిన ముద్దను మళ్ళీ పళ్ళెంలోకి దించేశారు.

కోడలు తలవంచుకునే అవునంది. ఆయన ఇంట్లోంచి ప్లాస్టిక్‌ను మెడపట్టి గెంటిన మనిషి. డబ్బాలు, బకెట్లు, దువ్వెనలు, ఆఖరికి కోడలు ముచ్చటపడి కొనుక్కున్న నీళ్ళసీసా కూడా గడప దాటాయి. ఆయన తాగేది రాగి చెంబుతో, కట్టేది నూలుబట్ట. ప్లాస్టిక్ సోకని నోరు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా తగిన మనిషి దొరకడని, ఆమె బతిమాలి మరీ ఆయన ఉమ్మిని, తాను తయారుచేసిన గాజు చిప్‌తో పరీక్షించడానికి ల్యాబుకు పట్టుకెళ్ళింది. తీరా చూస్తే ఇదీ ఫలితం.

"నీ గాజుముక్క అబద్ధమాడుతోందమ్మా" అన్నారాయన.

ల్యాబులో పెద్ద మేడమ్ కూడా ఆ మాటే అంది. ఇదేమిటో తేలేదాకా ఆ చిప్‌ను ఎవరికీ చూపించవద్దని కూడా చెప్పింది. ఇన్నాళ్ళ కష్టమూ బూడిదలో పోసిన పన్నీరేనా అని కోడలికి గుబులుగా ఉంది.

అత్తగారు మాత్రం వడ్డిస్తూనే నవ్వు ఆపుకోలేకపోయింది. ఊరందరికీ నీతులు చెప్పే నోరు కదా, ఏదో ఒకటి అంటుకోకుండా ఉంటుందా అంది. మామగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడు తానే వస్తానని, తన కళ్ళముందే పరీక్ష చేయమని పట్టుబట్టారు.

ల్యాబులో ఆయన ముందుగా చిప్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు. బొటనవేలంత గాజుపలక. దానిలోపల వెంట్రుకకన్నా సన్నటి కాలువలు. చుక్క అందులో పారుతున్నప్పుడు రేణువులు ఒకదాని వెనక ఒకటి వరసకట్టి నడుస్తాయని, వాటిమీద కాంతి పడగానే ఏది దేనితో తయారైందో తెరమీద తెలిసిపోతుందని కోడలు చెప్పింది. ఆయన చిన్నపిల్లాడిలా కుర్చీ ముందుకు లాక్కున్నారు.

మొదట వడకట్టిన మంచినీళ్ళు పంపింది. తెర ఖాళీగా ఉంది. తర్వాత తన ఉమ్మి పంపింది. అక్కడొకటి, అక్కడొకటి కనిపించాయి. మామగారు శుభ్రంగా నోరు పుక్కిలించి వచ్చి, గాజుగొట్టంలో ఉమ్మారు.

చుక్క కాలువలోకి దిగిందో లేదో, లేత గులాబీరంగు రేణువులు జాతరకు బయల్దేరినట్టు వచ్చిపడ్డాయి.

"అన్నీ ఒకటే జాతిలా ఉన్నాయే" అన్నారు మామగారు, కోపం సంగతే మరిచిపోయి. "ఏమిటవి?"

"యాక్రిలిక్, మామయ్యా. దుకాణాల బోర్డులకీ, చేపల తొట్లకీ, లైట్ల మూతలకీ వాడతారు. మనింట్లో అలాంటిది ఒక్కటీ లేదు. అదే నాకు అంతుపట్టడం లేదు."

ఆయన తెరవంక చూస్తూనే నాలుకతో పైపళ్ళను తడుముకున్నారు. కోడలికి భయమేసింది. పోనీ, చిప్‌లోనే ఏదో లోపం ఉందని ఒప్పేసుకుంటానంది.

"నీ చిప్‌కేం, బంగారం. ముందు ఆ తలుపు వేసిరా."

ఆమె తలుపు వేసి వచ్చేసరికి మామగారు గోడవైపు తిరిగి ఉన్నారు. జేబురుమాలు అడ్డం పెట్టుకుని, పైవరస పళ్ళన్నీ గులాబీరంగు చిగుళ్ళతో సహా ఒక్కసారిగా ఊడదీసి గాజుగిన్నెలో పెట్టారు.

"మీ అత్తయ్యతో మాత్రం అనకమ్మా" అన్నారు, లొట్టపోయిన మూతితో. "అసలువే అనుకుంటోంది."