పెద్ద ఇంజను

దయారత్నం గారి మోటారు పడవ హుస్సేన్ సాగర్ మీద నత్తనడకన పోతోంది. వెనక గాలపు తాడు నీళ్లలో ఈడ్చుకుంటూ వస్తోంది. ఒక్క చేపా పడలేదు.

యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్ల మీదే దొరుకుతోంది. పడవ నడిపే రాజనర్సయ్యకు మనసొప్పలేదు.

"గింత మెల్లగ పోనీకి గీ పెద్ద ఇంజనెందుకు సారూ? ఊకనే పెట్రోలు తాగుతది. చిన్న పడవ కొనుండ్రి, సగం సుత తాగది. మీరొక్కరే నడుపుకోవచ్చు, నా అక్కర సుత ఉండది."

"చేపలు పడతాయంటావా?"

"సప్పుడు తక్కువ గదా, ఇంకా మంచిగ పడ్తయి."

దయారత్నం గారు ఒడ్డు వైపు చూశారు. పంజగుట్టలో ఆయన ఇంటికి తాళం వేసి ఉంది. తీసేవాళ్లు ఇంకెవరూ లేరు, తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

"ఇంకో చుట్టు తిప్పు," అన్నారు. "ఇంతకీ ఇవాళ మీ ఇంట్లో ఏం కూరన్నావు?"