తెర అవతలి మాట

రెండు పూటలా తన పేరు తలుచుకునే నోటినే దేవుడు ఒక్కోసారి చెప్పకూడని కబుర్లకి ఎందుకు వాడుకుంటాడన్న అనుమానం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. అడిగితే తప్పేమో తెలియదు. ఆ ఇంటి సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మాత్రం అడగాలనిపిస్తుంది.

కలప మిల్లు పెద్దాయనకి మనవడు కావాలి. మనవరాలు అక్కర్లేదు. ఈ మాట ఆయన దాచుకోలేదు. రంపం చప్పుడుని మించి వినపడేలా మిల్లులోనే అనేవాడు.

కోడలికి మొదటిసారి నెల తప్పి, నాలుగో నెల రాగానే స్కానింగుకి తీసుకెళ్ళారు. ఆడపిల్లని తేలింది. తీయించేశారు.

కోడలు ఏడుస్తుంటే పెద్దాయన విసుక్కున్నాడు.

"దీనికింత రాద్ధాంతమా? మీ అత్తకి రెండుసార్లు తీయించాను. నోరెత్తిందా? చూడు, గుండ్రాయిలా ఉంది."

రెండు పూటలా దేవుడికి దీపం పెట్టే ఆ అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

ఆ రోజు నుంచి కోడలు అత్తగారితో మాటలు మానేసింది. ఆడపిల్లన్న కబురు స్కానింగ్ గదిలోంచి బయటికి మోసుకొచ్చింది ఆవిడే కదా. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడకి చెప్పేది.

"పాలు పొంగిపోతున్నాయి. ఈ ఇంట్లో ఎవరికైనా కళ్ళుంటే బాగుణ్ణు."

అత్తగారు లేచి వెళ్ళి పొయ్యి ఆపేది.

"నా ఉసురు తగలాల్సిన వాళ్ళకి తగిలి తీరుతుంది."

ఆవిడ పాలు చల్లార్చి కోడలి పక్కన పెట్టేది.

మళ్ళీ కడుపు నిలిచింది. మళ్ళీ అదే స్కానింగ్ గదికి బయల్దేరారు.

అక్కడి డాక్టరమ్మకి ఒక పద్ధతుంది. పిల్లో పిల్లాడో చెప్పడం నేరం కాబట్టి కాగితం మీద రాయదు. పైకి అనదు. తెర ఇవతలికి వచ్చి, వెంట వచ్చిన పెద్ద ఆడమనిషి చెవిలో ఒక్క మాట అంటుంది. బల్ల మీద పడుకున్న తల్లికి కూడా చెప్పదు. చెప్తే ఏడుపులు, గోల. మగవాళ్ళతో అసలు మాట్లాడదు.

పెద్దాయనకి ఆ పద్ధతి నచ్చింది. ఆడవాళ్ళ గదిలో మగాడికేం పని అంటూ కొడుకుతో కలిసి మెట్ల కింద నిలబడ్డాడు.

"అమ్మకి సరిగ్గా వినపడుతుందంటావా?" అన్నాడు కొడుకు.

"మీ అమ్మ పోస్ట్‌మాన్ లాంటిదిరా. విప్పదు, చదవదు. తెచ్చి ఇచ్చేస్తుంది."

ఇద్దరూ నవ్వుకున్నారు.

కాసేపటికి అత్తగారు మెట్లు దిగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"మగపిల్లాడట" అంది.

ఇల్లు మారిపోయింది. కోడలికి కొత్త పరుపు వచ్చింది. పళ్ళ బుట్టలు వచ్చాయి. పెద్దాయన మిల్లు బోర్డు దింపించి 'తాత అండ్ మనవడు' అని రాయించాడు. పనివాళ్ళు వెనక్కి తిరిగి నవ్వుకున్నారు.

ఐదో నెలలో కొడుక్కి గుబులు పుట్టింది. "ఇంకో చోట కూడా చూపిద్దామా?" అన్నాడు.

"పదేపదే మిషను పెడితే లోపలి పిల్లాడికి పడదు" అని అత్తగారు కొట్టిపారేసింది. ఆ తర్వాత కోడల్ని గడప దాటనివ్వలేదు. డాక్టరు దగ్గరికైనా తనే వెంట వెళ్ళేది.

కోడలు గోడతో అంది. "మగపిల్లాడనేసరికి ఎంత కాపలానో. కొందరికి సిగ్గుండదు."

పురుడొచ్చింది. ఆడపిల్ల.

పెద్దాయన బిడ్డ మొహం చూడలేదు. కోడలి మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నువ్వూ ఆ డాక్టరూ కుమ్మక్కయ్యారు కదూ?"

కోడలు బిడ్డని చీరలోకి పొదువుకుంది.

"ఆ తెలివే ఉంటే మొదటిదాన్ని కూడా దక్కించుకునేదాన్ని మామయ్యా."

మర్నాడు ఆయన మిల్లు మనుషుల్ని సుత్తులతో సహా వెంటేసుకుని స్కానింగ్ గదికి బయల్దేరాడు. కొడుకు బతిమాలుతూ పక్కన నడిచాడు. అత్తగారు వెనకాల నడిచింది. ఆవిణ్ణి ఎవరూ రమ్మనలేదు.

"నాన్నా, పోలీసులొస్తారు."

"రానీరా. ఏమని చెప్పుకుంటుంది? చెప్పకూడనిది చెప్పాననా? అది కూడా తప్పు చెప్పాననా?"

వీధిలో జనం పోగయ్యారు. కొందరు మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చేశారు. డాక్టరమ్మ తెర పట్టుకుని నిలబడింది.

"మగపిల్లాడన్నావా లేదా?"

"నేను అనలేదు" అంది డాక్టరమ్మ.

"మరి ఏమన్నావు? వీళ్ళందరి ముందూ చెప్పు."

డాక్టరమ్మ జనాన్ని చూసింది. పెద్దాయన భార్యని చూసింది. నోటి దాకా వచ్చిన మాట మింగేసింది.

"ఇక్కడ అలాంటివి ఎవరికీ చెప్పమండీ."

"పగలగొట్టండ్రా."

మొదటి దెబ్బకి మిషను అద్దం రాలింది. డాక్టరమ్మ పెద్దావిడ దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మా, మీరైనా చెప్పండి. మీకు తెలుసు కదా."

పెద్దావిడ చేతులు కట్టుకుని చూస్తోంది. మిషను పూర్తిగా తుక్కయ్యేదాకా కదల్లేదు. ఆఖరి ముక్క కూడా కింద పడ్డాక, గాజు పెంకుల మీంచి జాగ్రత్తగా నడిచి, మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

పెద్దాయన చెమట తుడుచుకుంటూ జనం వైపు తిరిగాడు. "అబద్ధం చెప్పినవాళ్ళకి ఇదే శాస్తి" అన్నాడు.

అప్పటిదాకా పనివాళ్ళలో ఎవరూ ఆవిడ గొంతు వినలేదు.

"ఆ శాస్తి నాకు చెయ్యండి, ఆవిడ నా చెవిలో ఆడపిల్లనే చెప్పింది; మీరు తీయించిన నా ఇద్దరు కూతుళ్ళకీ బాకీపడి, మగపిల్లాడని మీకు చెప్పింది నేను."