ఉడుతపిల్లకు అందిన తిట్లు

ఏటి అవతల అడవి అంటుకున్నప్పుడు ఒక ఉడుతపిల్ల, కొట్టుకుపోతున్న దుంగను పట్టుకుని ఒంటరిగా ఇవతలి ఒడ్డుకు చేరింది. అలా ఏరు దాటి వచ్చే పిల్లల మంచిచెడ్డలు చూసే పని గోరింకది. అది పిల్లకు వెచ్చటి తొర్ర చూపించి, రేగుపళ్లు తెచ్చిపెట్టింది. పిల్ల ఒక్కటీ కొరకదు. అన్నీ తొర్రలో దాచేస్తుంది. రోజురోజుకీ చిక్కిపోతోంది.

"ఇల్లిచ్చాం, తిండి పెడుతున్నాం. ఇంకేం కావాలట?" అని నెమలి విసుక్కుంది.

"వాళ్లమ్మనే అడిగొస్తా," అంటూ గోరింక ఏరు దాటేసింది.

మసిబారిన చెట్ల మధ్య వెతగ్గా వెతగ్గా, ఒక రాతి సందులో తల్లి ఉడుత కనిపించింది. కాలు కాలి కదల్లేకుండా ఉంది. బిడ్డ బతికే ఉందని వినగానే బావురుమంది. తినడం లేదని వినగానే గతుక్కుమంది.

"దొరికిన దాంట్లో మాకూ కాస్త దాచమని నేనే చెప్పానమ్మా! అలాగని కడుపు మాడ్చుకుంటుందా, మొద్దుమొహంది! ముందు తినమను. తినకపోతే కుంటుకుంటూ వచ్చైనా చెవి మెలేస్తానని చెప్పు!"

గోరింక తిరిగొచ్చి ఆ తిట్లన్నీ అచ్చం తల్లి గొంతుతోనే అప్పజెప్పింది. ఉడుతపిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ఒక పండు నోట్లో పెట్టుకుంది, తర్వాత ఇంకోటి. బుగ్గలు నిండాక గోరింక వైపు తిరిగింది.

"పిన్నీ, రేపు కూడా వెళ్లి అమ్మ తిట్లు తీసుకురావా?"