ఇరవై ఏడో పేరు

“ఇదిగో, ఇతను,” అంది సోమావతి, మిరియాలు ఆరబోస్తున్న చేత్తోనే కార్డు మీద వేలు పెట్టి.

దిల్రుక్షి వంగి చూసింది. ఇరవై ఏడో పేరు. పుంచిరాల మడవల. గుర్తు లాంతరు.

శ్రీలంక అధ్యక్ష ఎన్నికలకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. జనం మొగ్గు ఎటో కనుక్కురమ్మని కొలంబోలో సర్వే ఆఫీసు ఆమెని మాతలే ఊరి చుట్టుపక్కల నలభై ఇళ్ళకి పంపింది. కార్డు మీద అభ్యర్థుల జాబితా మూరెడు పొడుగుంది. అందులో పెద్దవాళ్ళు ముగ్గురు. మిగతావాళ్ళు వాళ్ళ ఇంటి పక్కవాళ్ళకైనా తెలుసో లేదో.

“ఇతన్నే ఎందుకనుకున్నారు?” అడిగింది. అదీ కాగితం మీదున్న ప్రశ్నే.

“పెద్దవాళ్ళందర్నీ చూశాం కదే తల్లీ. ఒకడొస్తే కరెంటు పోయింది. ఇంకొకడొస్తే గ్యాసు బండ కోసం రెండ్రోజులు రోడ్డు మీద పడుకున్నాను. ఈ అబ్బాయి నాకు ఇంతవరకూ ఏ అపకారమూ చెయ్యలేదు.”

దిల్రుక్షికి నవ్వొచ్చింది. నవ్వకూడదు. ఏ పేరు విన్నా మొహం గోడలా ఉండాలని శిక్షణలో చెప్పారు. గోడలాంటి మొహంతోనే ఫారంలో టిక్కు పెట్టుకుంది.

నాలుగిళ్ళ తర్వాత ఆటో నడిపే జయలత్ కూడా అక్కడే వేలు పెట్టాడు.

“మడవల గారా! మా బావమరిదికి లెక్కలు చెప్పిన మాస్టారు. ఇప్పటికీ సైకిలే తొక్కుతాడు మహానుభావుడు. ఈ పెద్దవాళ్ళలా ముందు పది కార్లు, వెనక పది కార్లు, ఆ గోలేం లేదు.”

లోపల్నుంచి అతని భార్య కేకేసింది. “మా తమ్ముడు లెక్కల్లో తప్పాడు కదయ్యా!”

“అది మీ వంశం బుర్ర. మాస్టారేం చేస్తాడు?”

ఆ సందు చివర రిటైరైన పోస్టుమాస్టరు సిరిపాల ఆమెని అరుగు మీద కూర్చోబెట్టి, పాలు లేని టీ, నంజుకోడానికి బెల్లం ముక్క ఇచ్చాడు. ఆయన వేలు కూడా మడవల మీదే ఆగేసరికి, ‘మాస్టారికేనా?’ అంటూ రాసుకోబోయింది దిల్రుక్షి.

“ఎవరమ్మాయ్ నీకు మాస్టారని చెప్పింది? ఆయన వైద్యుడు. ఈ మోకాలు చూడు. పెద్దాసుపత్రి వాళ్ళు చేతులెత్తేశారు. ఆయన నూనె పది రోజులు రాశాను, అంతే.” లేచి అరుగు మీద ఈ చివర్నుంచి ఆ చివరకి నడిచి చూపించాడు. కొంచెం కుంటాడు గానీ నడిచాడు.

లెక్కలు చెప్తూనే వైద్యం కూడా చేస్తాడన్నమాట, అనుకుంది దిల్రుక్షి. ఒకరు పొడుగన్నారు, ఒకరు పొట్టి అన్నారు. దూరం నుంచి చూసి ఉంటారులే.

నలభై ఇళ్ళూ అయ్యేసరికి లాంతరుకి పదకొండు టిక్కులు పడ్డాయి. ఏ టీవీలోనూ కనపడని మనిషికి! ఇరవై నాలుగేళ్ళొచ్చినా ఓటంటే ఎప్పుడూ విసుగే ఆమెకి. ఈసారి తిరుగు బస్సు ఎక్కగానే ఇంటికి ఫోన్ చేసింది.

“అమ్మా, నీ ఓటు ఎవరికీ మాటివ్వకు. ఒకాయనున్నాడు.”

మర్నాడు పొద్దున విక్రమసూరియ గారు కబురు పెట్టారు. సర్వేలన్నీ ఆయన కనుసన్నల్లోనే నడుస్తాయి. బల్ల మీద ఆమె తెచ్చిన ఫారాలు పరిచి ఉన్నాయి.

“నలభైలో పదకొండు. ఈ మడవలకి.”

“అవును సర్.”

“నిజం చెప్పు. ఇళ్ళకి వెళ్ళావా, ఏ టీకొట్లోనో కూర్చుని నింపేశావా?”

ఈ నెలాఖరుకి దిల్రుక్షికి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇది పోతే మళ్ళీ కటునాయకె బట్టల ఫ్యాక్టరీ, మళ్ళీ ఆ గుండీలు కుట్టే మిషను.

“వెళ్ళాను సర్! ఎండకి నా మొహం చూడండి. అందరి ఫోన్ నంబర్లూ రాశాను. ఆయనంటే జనానికి ప్రాణం.”

“ఎవరంటే?”

“మడవల గారంటే.”

“అంత గొప్పవాడా?”

ఆ వెటకారం ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. నిన్నంతా గోడలా పెట్టుకున్న మొహం ఒక్కసారిగా విచ్చుకుంది.

“నేనే చూశాను సర్. సాయంత్రం మాతలే బస్టాండులో. సైకిలు స్టాండేసి, దగ్గరకొచ్చి నా తల మీద చెయ్యి పెట్టారు. ‘ఎండన పడి తిరుగుతున్నావా అమ్మా’ అన్నారు. ఆ గొంతు వింటే మీరూ ఆయనకే వేస్తారు.”

విక్రమసూరియ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నువ్వు నలభై ఇళ్ళూ తిరిగావనే నమ్ముతున్నాను గానీ అమ్మాయ్, తెలియకపోయినా తెలుసనే వాళ్ళు నూటికెందరుంటారో లెక్కకట్టడానికి ఆ ఇరవై ఏడో పేరు నేనే ఈ కుర్చీలో కూర్చుని పుట్టించాను.”